పొట్టకి బ్యాండు ఉంది, లేహ్ వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 47. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. 2014లో పొట్టకి గ్యాస్ట్రిక్ బ్యాండు (బరువు తగ్గడానికి పొట్ట పైభాగం చుట్టూ బిగించే పట్టీ) వేయించుకున్నాను. అప్పట్లో 109 కిలోలు, ఇప్పుడు 76. బ్యాండులో 6 మి.లీ. సెలైను (ఉప్పునీరు) ఉన్నట్టు చివరి చీటీలో రాసి ఉంది. బీపీకి, థైరాయిడ్‌కి రోజూ మాత్రలు వేసుకుంటాను. వచ్చే జూన్‌లో మావారు, మా ఆడపడుచు కుటుంబం లద్దాఖ్ ప్రయాణం పెట్టారు. గన్నవరం నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి లేహ్ విమానాల్లోనే. మర్నాడే ఖర్దుంగ్ లా కనుమ మీదుగా నుబ్రా లోయ, అటునుంచి అటే పాంగాంగ్ సరస్సుకి వెళ్లి అక్కడ రాత్రి బస. పోయినేడు ఢిల్లీ విమానంలో శాండ్‌విచ్ తింటే గుండెల్లో పట్టేసినట్టయి, దిగేదాకా నోట్లో నీళ్లూరుతూనే ఉన్నాయి. అంత ఎత్తుకు వెళితే బ్యాండు ఉబ్బి పగిలిపోతుందా? నీళ్లు తీయించుకుని వెళ్లాలా? అక్కడ ఏం తినాలి?

సమాధానం: బ్యాండు పగలదు, ఆ భయం వదిలేయండి. మీరు లేహ్ వెళ్లొచ్చు. కాకపోతే మీరు రాసిన ప్రయాణపు పట్టికతో వద్దు, బ్యాండు ఇప్పుడున్నంత బిగువుగా ఉండగానూ వద్దు. కొండల మీద మీకు అసలు ప్రమాదం వాంతుల వల్ల. ఎత్తు పడకపోయినా వాంతులవుతాయి, బ్యాండు దగ్గర ముద్ద అడ్డుపడినా అవుతాయి. ఏది దేనివల్లో తెలియక ఒకదానికి చేయాల్సింది ఇంకోదానికి చేస్తే చిక్కు. పైగా పదేపదే డోకు వస్తే బ్యాండు కింది పొట్ట పైకి జారే ప్రమాదం ఉంది. కింద చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఈ వాంతులు రాకుండా చూసుకోవడానికే.

ముందు ఆ విమానంలో ఏం జరిగిందో చూద్దాం. బ్యాండు లోపలివైపు సిలికాన్ బుడగ ఉంటుంది. చర్మం కింద కుట్టిన పోర్టులోంచి (సూదితో సెలైను ఎక్కించే, తీసే చిన్న డబ్బీ) సన్నని గొట్టం దాకా, ఆ బుడగ దాకా అంతా సెలైనే. నీళ్లు పీడనం తగ్గినంత మాత్రాన ఉబ్బవు. గుంటూరులో 6 మి.లీ. ఉన్నది ఖర్దుంగ్ లా మీదా 6 మి.లీ.గానే ఉంటుంది. గాలి అలా కాదు. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 760 మి.మీ. పాదరసం ఉంటే లేహ్‌లో 490 దగ్గర, ఖర్దుంగ్ లా మీద 400 దగ్గర ఉంటుంది. అంటే ఇక్కడ పొట్టలో 10 మి.లీ. ఉన్న గాలి లేహ్ చేరేసరికి 15, కనుమ మీదికి వెళ్లేసరికి 19 మి.లీ. అవుతుంది. బ్యాండు లేనివాళ్లు త్రేన్చి ఆ గాలిని వదిలేస్తారు. మీకు త్రేన్పు అంత తేలిగ్గా రాదు, అందుకే బ్యాండు పైనున్న పొట్ట సంచి బిగిసి బ్యాండు మీదికి తోస్తుంది. సెలైను ఎక్కించేటప్పుడు సిరంజిలోంచి ఏ కాస్త గాలి బుడగ లోపలికి వెళ్లి ఉన్నా అదీ పెరిగి బ్యాండును మరింత బిగిస్తుంది.

విమానం 35,000 అడుగుల్లో ఎగిరినా క్యాబిన్‌లో గాలి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. అంటే మీరు ఊటీలో కూర్చున్నట్టే, కానీ అరగంటలోపే ఊటీ ఎక్కేసినట్టు. అప్పుడే శాండ్‌విచ్. బ్రెడ్డు లాలాజలంతో కలిస్తే పిండి ముద్దవుతుంది, బ్యాండు దగ్గరి సన్నని దారిలో అది జిగురులా అంటుకుంటుంది. గాలి ఉబ్బడం సగం కారణమైతే ఆ బ్రెడ్డు మిగతా సగం.

ఇందులో మీరు పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. గాలి ఉబ్బేది ఎత్తు ఎక్కుతున్నంతసేపే. లేహ్‌లో కూర్చుని మీరు మింగే గాలి అప్పటికే లేహ్ పీడనంలో ఉంటుంది, అది కొత్తగా ఉబ్బదు. కాబట్టి బ్యాండు పరంగా కష్టమైన ఘట్టాలు మూడే: గన్నవరంలో విమానం లేచాక, ఢిల్లీ నుంచి లేహ్ వెళ్లే గంటన్నర, కనుమ ఎక్కే ప్రతిసారీ ఆ రెండు గంటలు. ఈ మూడింటికీ ముందు నాలుగు గంటలు గట్టి పదార్థం ఏదీ లోపలికి వెళ్లకూడదు. ద్రవాలు మాత్రమే తీసుకోండి. ఈ ఒక్కటి పాటించగలిగితే పోయినేటి అనుభవం తిరగబడదు.

ఇక పట్టిక. గుంటూరు సముద్రమట్టానికి ముప్పై మీటర్ల ఎత్తు. లేహ్ 11,500 అడుగులు. మర్నాడే దాదాపు 17,600 అడుగుల ఖర్దుంగ్ లా ఎక్కడం బ్యాండు లేనివాళ్లకే మంచిది కాదు. విమానంలో దిగినవాళ్లు లేహ్‌లో కనీసం 48 గంటలు విశ్రాంతి తీసుకోవాలి. మీరు మూడు రాత్రులు లేహ్‌లోనే ఉండి నాలుగో రోజు బయల్దేరండి. నుబ్రాలో హుందర్, డిస్కిట్ 10,000 అడుగుల దగ్గర ఉంటాయి, లేహ్ కన్నా దిగువే కాబట్టి అక్కడ నిద్ర హాయిగా పడుతుంది. కనుమ మీద మాత్రం ఫొటోకి దిగి పావుగంటలో మళ్లీ బండెక్కాలి. పాంగాంగ్ దాదాపు 14,000 అడుగులు. నుబ్రా నుంచి నేరుగా వెళ్లి అక్కడ పడుకోవడమంటే ఒక్కరోజులో పడక 4,000 అడుగులు పైకి జరిగినట్టు. 10,000 అడుగులు దాటాక పడుకునే చోటు రోజుకి 1,600 అడుగులకు మించి పెరగకూడదన్నది కొండ వైద్యుల లెక్క. అందుకని నుబ్రా నుంచి లేహ్ తిరిగొచ్చి, పాంగాంగ్‌కి పొద్దున్నే వెళ్లి చీకటిపడే వేళకి వచ్చేయండి. ప్రయాణం అలసటే, కానీ రాత్రి సరస్సు ఒడ్డున వాంతులు మొదలైతే ఆ చీకట్లో లేహ్‌లోని పెద్ద ఆసుపత్రి అయిదారు గంటల దూరం. ఇంట్లో ఈ మాట గట్టిగా చెప్పండి. ఒక్క రాత్రి బస వదులుకోవడం పెద్ద త్యాగమేమీ కాదు.

మీకు నాలుగు రోజులు ఎక్కువ దొరికితే శ్రీనగర్ మీదుగా రోడ్డున వెళ్లడం అన్నిటికన్నా మేలు. శ్రీనగర్ 5,200 అడుగులు, కార్గిల్ 8,800. మధ్యలో ఒక్కో రాత్రి ఆగితే ఒంటికీ పొట్టకీ అలవాటు పడే వ్యవధి ఉంటుంది. మనాలీ దారి మాత్రం వద్దు. సర్చూ దగ్గర 14,000 అడుగుల్లో గుడారాల్లో పడుకోవాల్సి వస్తుంది.

అరకు వెళితే ఏమీ కాలేదు కదా అని ఎవరైనా అనొచ్చు. అరకు 3,000 అడుగులే, దాన్ని పరీక్షగా తీసుకోకండి.

నీళ్లు తీయించుకోవాలా అంటే, మీ విషయంలో అవునంటాం. విమానంలోనే బిగుసుకుపోయిందంటే మీ బ్యాండు బిగువు అంచున ఉంది. ప్రయాణానికి మూడు వారాల ముందు మీ సర్జన్ దగ్గరికి వెళ్లండి. ఎంత తీయాలన్నది బ్యాండు రకాన్ని బట్టి ఉంటుంది. మొత్తం 4 మి.లీ. పట్టే పాత రకాలున్నాయి, 10 పట్టేవి, 14 పట్టేవి ఉన్నాయి. 4 పట్టేదాంట్లో అర మి.లీ. చాలా ఎక్కువ, 14 పట్టేదాంట్లో తెలియను కూడా తెలియదు. పెద్ద బ్యాండుల్లో ఒక మి.లీ. చుట్టూ తీయడం మామూలు. ఆ పూట మూడు సంగతులు అడగండి. లోపలున్నదంతా సిరంజిలోకి లాగి ఎంత వచ్చిందో కొలవమనండి. చీటీలో 6 అని ఉన్నా చేతికి 4 వస్తే ఎక్కడో కారుతోందన్నమాట. లాగినప్పుడు గాలి బుడగలు వస్తే వాటిని వదిలేసి సెలైను మాత్రమే తిరిగి పంపమనండి. వారంలో ఒకసారికన్నా ఎక్కువ తిన్నది పైకి వస్తున్నా, రాత్రి పడుకున్నాక గొంతులోకి పులుపు ఎగదన్నుతున్నా ఆ మాట దాచకుండా చెప్పి బేరియం ఎక్స్‌రే తీయించుకోండి. పై సంచి సాగి ఉన్నా, బ్యాండు కాస్త జారి ఉన్నా అందులో బయటపడుతుంది. అలా ఉంటే ఈ ఏడు ప్రయాణం మానుకోవాల్సిందే.

ముందురోజు తీయించుకుంటే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. సరిపోదు. వదులు చేశాక ఏది దిగుతోందో ఏది దిగడం లేదో ఇంటి భోజనం మీద రెండు వారాలు చూసుకోవాలి. సూది గుచ్చిన చోట ఎరుపు, నొప్పి వస్తే అది తెలియడానికీ వ్యవధి కావాలి. ఆకలి కొంచెం పెరుగుతుంది, ఒకటి రెండు కిలోలు పెరగొచ్చు. పెరగనివ్వండి, తిరిగొచ్చాక తగ్గించుకోవచ్చు. ప్రయాణానికి ముందు ఆరు వారాల్లో బ్యాండు బిగించుకోవడం మాత్రం అస్సలు వద్దు. అదే రోజు రక్తంలో హిమోగ్లోబిన్, బి12, థైరాయిడ్ చూపించుకోండి. బ్యాండు ఉన్నవాళ్లు మాంసం, ఆకుకూరలు తగ్గించేస్తారు కాబట్టి రక్తం పలచబడడం ఎక్కువ. ప్రాణవాయువు తక్కువ ఉన్న చోట ఆ లోటు మెట్టు మెట్టుకీ తెలుస్తుంది. గురక, నిద్రలో ఊపిరి ఆగడం లాంటివి ఇంకా ఉంటే అవీ చెప్పండి.

బయల్దేరే ముందురోజు రాత్రి నుంచి ద్రవాల మీద ఉండండి: పలచటి రాగి జావ, పప్పుకట్టు, చారు, నీళ్ల మజ్జిగ. గోలీసోడా, స్ప్రైట్ లాంటివి ప్రయాణమంతా ముట్టుకోవద్దు. స్ట్రాతో తాగితే గాలి మింగుతారు, అదీ వద్దు. విమానం లేచేటప్పుడు చెవులు మూసుకుపోతే అందరూ చూయింగ్ గమ్ నమలమంటారు. మీరు మాత్రం వద్దు. నమిలేకొద్దీ గాలి లోపలికి వెళుతుంది, పొరపాటున మింగితే బ్యాండు దగ్గర ఇరుక్కుంటుంది. దానికి బదులు గోరువెచ్చని నీళ్లు చిన్న గుటకలుగా వేయండి, చెవులూ తెరుచుకుంటాయి. ఖాళీ ఫ్లాస్కు వెంట తీసుకెళ్లి, తనిఖీ అయ్యాక లోపల వేడినీళ్లు పోయించుకోండి.

లేహ్‌లో తిండి దగ్గర మీరు ఊహించని చిక్కు ఒకటుంది. అక్కడ నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి, పాంగాంగ్ దగ్గర ఇంకా తక్కువకే. పప్పు ఎంతసేపు ఉడికినా పలుకుగానే ఉంటుంది, అన్నం పైకి మెత్తగా కనిపించినా నడుమ బిరుసుగా ఉంటుంది. మామూలు పొట్ట దాన్ని పట్టించుకోదు, మీ బ్యాండు పట్టించుకుంటుంది. హోటల్లో ప్రెషర్ కుక్కర్లో వండిన పప్పు ఉందా అని అడిగి మరీ తీసుకోండి. వేళ్ల మధ్య నలిపితే పలుకు తగలకూడదు. రోటీ, పరాఠా, బ్రెడ్డు, నూడుల్స్, మోమోలు అయిదూ జిగురు పిండి పదార్థాలే, వాటి జోలికి వెళ్లొద్దు. తుక్‌పా (నూడుల్స్ వేసిన అక్కడి సూపు) దొరికితే నూడుల్స్ పక్కకి తీయించి రసం తాగండి, చలికి ప్రాణం లేచివస్తుంది. గుడ్డు పొరటు మెత్తగా చేయించుకుంటే ఫరవాలేదు కానీ ఉడకబెట్టిన గుడ్డు తెల్లసొన రబ్బరులా ఉంటుంది, వదిలేయండి. పెరుగన్నం తినాలనిపిస్తే అన్నాన్ని పెరుగుతో బాగా పిసికి జారుడుగా చేసుకుని, చెంచాతో తింటూ నాలుగైదు చెంచాలతో ఆపండి.

వారానికి సరిపడా ఇంటినుంచి పట్టుకెళ్లండి. రాగి మాల్టు అరకిలో, పుట్నాల పప్పు మెత్తటి పొడి పావుకిలో, అలవాటైన ప్రొటీన్ పొడి, 200 మి.లీ.కి కలుపుకునే చిన్న ఓఆర్ఎస్ పొట్లాలు పది, అర లీటరు ఫ్లాస్కులు రెండు. పుట్నాల పొడిని చిక్కగా కలిపితే ఉండ కడుతుంది, కప్పు పలచటి మజ్జిగలో రెండు చెంచాలు మించొద్దు. రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ అందితే చాలు, ఆ వారం రోజులూ కేలరీల లెక్కలు పెట్టుకోకండి. జూన్ కదా, ఇంట్లో కొత్తావకాయ ఉంటుంది, సీసాలో పెట్టిస్తానంటారు. మీకు మాత్రం వద్దు. ఆ కారానికి, నూనెకి ఎగదన్నే పులుపు రాత్రి నిద్ర పాడుచేస్తుంది. కందిపొడి చారులో కాస్త కలుపుకోండి.

బ్యాండు చాలామందికి పొద్దున పూట ఎక్కువ బిగువుగా ఉంటుంది. చలిలో, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇంకా ఎక్కువ. కాబట్టి అక్కడ ఉన్నన్నాళ్లూ ఉదయం పదింటి దాకా వెచ్చని ద్రవాలే. చల్లని నీళ్లు ఆ దారిని ముడుచుకునేలా చేస్తాయి, వెచ్చనివి సడలిస్తాయి. ఆ పొడిగాలిలో ఊపిరితోనే చాలా నీరు పోతుంది. రోజుకి రెండున్నర లీటర్లు లోపలికి వెళ్లాలి, మీరేమో ఒక్క గ్లాసు గటగటా తాగలేరు. పది నిమిషాలకోసారి రెండు గుటకలు, దాదాపు 30 మి.లీ., అని ఫోనులో గంట పెట్టుకోండి. మేలుకుని ఉన్న పద్నాలుగు గంటల్లో లెక్క సరిపోతుంది. తినడానికి ముందు, తిన్న తర్వాత అరగంట మామూలుగానే ఆపండి. మూత్రం గడ్డి రంగులో ఉంటే నీరు సరిపోతున్నట్టు, టీ రంగుకి తిరిగితే చాలడం లేదన్నట్టు.

ఇప్పుడు వాంతుల సంగతి. ఎత్తు పడకపోవడంలో ముందు వచ్చేది తలనొప్పి. దానితో పాటు వికారం, నీరసం, తల తిరగడం, తిండి మీద అసహ్యం. ఇది లేహ్‌లో దిగిన వెంటనే రాదు, ఆరు నుంచి పన్నెండు గంటలయ్యాక, ఎక్కువగా మొదటి రాత్రి వస్తుంది. తిన్నా తినకపోయినా వస్తుంది. బ్యాండు దగ్గర అడ్డుపడితే తలనొప్పి ఉండదు. తింటూ ఉండగానో తిన్న కొద్ది నిమిషాలకో రొమ్ము ఎముక వెనక నొప్పి పట్టేస్తుంది, నురగలాంటి లాలాజలం ఊరుతుంది, పైకి వచ్చేది తిన్నది తిన్నట్టే, పులుపు లేకుండా వస్తుంది. వచ్చాక హాయిగా ఉంటుంది. ఎత్తు వల్ల వచ్చిన వాంతికి ఆ హాయి ఉండదు.

అడ్డుపడితే తినడం ఆపి లేచి నిలబడి మెల్లగా అటూ ఇటూ నడవండి. పైనుంచి నీళ్లు తాగి నెట్టేద్దామనుకోకండి, ఆ నీళ్లు పోవడానికి దారి లేక అన్నీ కలిసి పైకి వస్తాయి. అరగంట తర్వాత ఒక్క గుటక గోరువెచ్చని నీళ్లు వేసి చూడండి, దిగితే ఆ రోజంతా ద్రవాలే, మర్నాడు పిసికిన మెత్తటి తిండి. దారి వాచి ఉంటుంది కాబట్టి అదే పూట మళ్లీ తింటే మళ్లీ అడ్డుపడుతుంది.

ఎత్తు వల్ల వికారం మొదలైతే మీరు మిగతావాళ్లలా ఓర్చుకోకూడదు. మొదటి డోకుకే నాలుక మీద కరిగే ఒండాన్‌సెట్రాన్ 4 మి.గ్రా. మాత్ర వేసుకోండి, మింగే పని లేదు. తలనొప్పికి పారాసిటమాల్ సిరప్ తీసుకెళ్లండి. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే రకమైతే 10 మి.లీ. ఒక మోతాదు, ఆరు గంటల దాకా మళ్లీ వద్దు. బ్రూఫెన్, కాంబిఫ్లామ్, డైక్లోఫెనాక్ పొట్ట పొరను తినేస్తాయి, బ్యాండు ఉన్నవాళ్లు వాటి జోలికి పోకూడదు. లక్షణాలు తగ్గేదాకా ఇంకా పైకి వెళ్లొద్దు, పెరుగుతుంటే కిందికి దిగిపోండి. అడుగు తప్పడం, మాట తడబడడం, ఊరికే కూర్చున్నా ఆయాసం, దగ్గితే గులాబీ రంగు నురగ: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆక్సిజన్ పెట్టించుకుని దిగాలి.

ముందు జాగ్రత్తగా ఎసిటజోలమైడ్, అంటే అందరూ డయామాక్స్ అనేది, 125 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, లేహ్ చేరడానికి ముందురోజు నుంచి మొదలుపెట్టి, చేరాక రెండు మూడు రోజుల దాకా వాడతారు. మన దగ్గర దొరికే 250 మాత్రను సగం చేసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్లు వాడకూడదు. మూత్రం ఎక్కువగా పోతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మీ బీపీ మాత్రలో మూత్రం పోయించే మందు కలిసి ఉందేమో డాక్టరుకి చూపించి అప్పుడే మొదలుపెట్టండి. బీపీ మాత్ర మీ అంతట మీరు మానొద్దు. శనగగింజ కన్నా పెద్ద మాత్ర ఏదైనా విరిచి వేసుకోండి, నెమ్మదిగా కరిగేలా చేసిన రకాలను మాత్రం విరవకూడదు, వాటికి బదులు ఏం వాడాలో ముందే రాయించుకోండి. నిద్ర మాత్రలు, మద్యం వద్దు.

రాత్రి దగ్గు వస్తే గాభరా పడకుండా ఒకటి గమనించండి. పడుకున్నప్పుడు పులుపు గొంతులోకి వచ్చి దగ్గు వస్తుంటే లేచి కూర్చున్న కాసేపటికి తగ్గుతుంది. కూర్చున్నా తగ్గక ఆయాసం తోడైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనని అనుమానించాలి. పడుకోవడానికి మూడు గంటల ముందే తిండి ముగించి, తలవైపు రెండు దిండ్లు పెట్టుకుంటే మొదటి రకం చాలావరకు రాదు.

సొంత లాలాజలం కూడా దిగకపోవడం, నీళ్లు కొన్ని గంటలుగా నిలవకపోవడం, పైపొట్టలో వదలని నొప్పి, ఎడమ భుజంలోకి నొప్పి, జ్వరం, గుండె దడ: ఇవి బ్యాండు జారిన గుర్తులు కావొచ్చు. జారిన పొట్టకి రక్తం అందకపోతే అది చచ్చుబడిపోతుంది, కాబట్టి గంటలు కూడా లెక్కే. లేహ్‌లోని ఎస్ఎన్ఎం (సోనమ్ నోర్బూ మెమోరియల్) ప్రభుత్వ ఆసుపత్రికి నేరుగా వెళ్లండి. దేశంలో ఇప్పుడు బ్యాండు కన్నా పొట్టలో చాలా భాగం కోసి తీసేసే స్లీవ్ ఆపరేషన్లే ఎక్కువ, డ్యూటీలో ఉన్న యువ డాక్టరు బ్యాండును ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. అందుకని ఒక కార్డు రాయించి పర్సులో పెట్టుకోండి: బ్యాండు కంపెనీ, రకం, మొత్తం ఎంత పడుతుంది, ఇప్పుడెంత ఉంది, పోర్టు బొడ్డుకి ఎటువైపు ఎన్ని అంగుళాల దూరంలో ఉంది, సర్జన్ ఫోన్ నంబరు. కింద ఇంగ్లీషులో ఇలా రాయించండి: వాంతులు ఆగకపోతే ముందు పోర్టులోంచి ద్రవమంతా తీసేయాలి, చర్మానికి నిట్టనిలువుగా సూదిని గట్టి అడుగు తగిలేదాకా దించి లాగాలి, తర్వాత ఎక్స్‌రే.

ఆ సూది మామూలుది కాదు, హ్యూబర్ సూది అంటారు. మామూలు సూది మొన పోర్టు పైపొరను ముక్కలా కోసేస్తుంది, ఆ తర్వాత కారడం మొదలవుతుంది. కొండ ఊళ్లో అది దొరుకుతుందన్న నమ్మకం లేదు కాబట్టి మీ సర్జన్ దగ్గరే సీలు విప్పని రెండు సూదులు తీసుకుని, ఆయన రాసిచ్చిన ఉత్తరంతో కలిపి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. అవి లేని పరిస్థితిలో, నొప్పి తీవ్రంగా ఉంటే, మామూలు సన్నని సూదితోనైనా తీసేయాలి. పోర్టు పాడైతే తర్వాత మార్చుకోవచ్చు. ఈ పని మాత్రం డాక్టరో నర్సో చేయాలి, హోటల్ గదిలో ఇంట్లోవాళ్లు ప్రయత్నించకూడదు. కార్డు ఎక్కడుందో, సూదులు ఏ పెట్టెలో ఉన్నాయో మీవారికీ ఆడపడుచుకీ ఇద్దరికీ చెప్పి ఉంచండి.

గుంటూరు తిరిగొచ్చాక మర్నాడే బిగించుకోవడానికి పరుగెత్తొద్దు. రెండు వారాలు మామూలు తిండికి తిరిగి రండి. వాంతులేమైనా అయి ఉంటే లోపలి వాపు ఈలోగా తగ్గుతుంది. ఆ తర్వాత సెలైను ఎక్కించుకుని, అక్కడే ఒక గ్లాసు నీళ్లు తాగి దిగుతున్నాయని చూసుకున్నాకే ఇంటికి బయల్దేరండి.